చేదెక్కిన కాఫీ, బాగేపల్లి ఆవు

పాలు చేదెక్కడం వల్ల నేను చేసిన ప్రయాణం ఇది. ఎనభైల మొదట్లో చిక్కబళ్ళాపురం బస్టాండు దగ్గర నాకో చిన్న కాఫీ హోటలు ఉండేది. ఒక ఎండాకాలం మా కాఫీ ఉన్నట్టుండి చేదెక్కింది. మొదట పొడిని అనుమానించి, చింతామణి వెళ్లి వేరే రకం తెచ్చాను. లాభం లేదు. రోజూ వచ్చే రిటైరయిన మేష్ట్రు ఒక గుక్క తాగి, "కషాయానికి వేరే రేటు ఉండాదా అప్పా?" అని అందరి ముందూ అడిగారు. ఆ కోపం పాలు పోసే నారాయణమ్మ మీద చూపించాను.

"పాలల్లో ఏం కలుపుతాండావమ్మా?"

"నీళ్లు తప్ప ఏమీ కలపలేదప్పా," అంది నిజాయితీగా.

ఆమె పాలు మానేసి, నెల రోజులు పాలపొడితో నెట్టుకొచ్చి, చివరికి సొంతంగా ఆవునే కొందామనుకున్నాను. బాగేపల్లి దగ్గర గంగులమ్మ అనే రైతు మంచి ఆవును అమ్ముతోందని హోటలుకొచ్చే లారీ డ్రైవరు చెప్పాడు.

పొద్దున ఆరింటి బస్సెక్కాను. టికెట్టు నాలుగు రూపాయల లోపే, ప్రయాణం గంటన్నర. రోడ్డుకు రెండు వైపులా, బీళ్లలో, చేలగట్ల మీద ఎక్కడ చూసినా పచ్చటి మొక్కలు, వాటి నిండా చిన్న తెల్ల పూలు. గల్లాపెట్టె వెనక పెరిగినవాణ్ణి, నాకేం తెలుసు? "ఈ ఏడు మేత బాగుండాదే!" అన్నాను పక్క సీటాయనతో. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి మొహం తిప్పుకున్నాడు.

బాగేపల్లిలో దిగి రెండు మైళ్లు నడిచాను. గంగులమ్మ చేతులకు గుడ్డలు చుట్టుకుని చేలో అవే పూల మొక్కలు పీకుతోంది.

"కాంగ్రెస్ గడ్డి అప్పా ఇది, వయ్యారిభామ అంటారే, అదే. ఉత్త చేత్తో ముట్టుకుంటే దద్దుర్లు. కూలోళ్లు రామంటాండారు. పోయినేడు శెనక్కాయ పంట సగం దీనివల్లే పోయింది. వేరే పచ్చిక లేక ఆవులు దీన్నే తింటే పాలు చేదు."

"యాడ నుంచి వచ్చిందమ్మా?"

"అమెరికా గోధుమల్లో కలిసి ఓడలో వచ్చిందంట. ఆ గోధుమలు ఎవురు తిన్నారో, గడ్డి మాత్రం నా చేన్లో ఉండాది."

నారాయణమ్మను అన్న మాట గుర్తొచ్చింది. గంగులమ్మ తన ఆవుల్ని ఆ గడ్డి ముట్టనీయదట; అప్పటికప్పుడు పితికి ఇచ్చిన పాలు కమ్మగా ఉన్నాయి. కలుపు పీకి పీకి నడుము పోయింది, రెండు ఆవుల్ని సాకలేనంది. పన్నెండు వందలకు బేరం తెగింది. "దోవలో దీన్ని మేయనీవద్దు," అని రెండుసార్లు చెప్పింది.

తిరుగు ప్రయాణం ఈ ఆవు సంగతి చెప్పిన డ్రైవరు లారీలోనే, ముప్పై రూపాయలకు. పేరేసంద్ర దగ్గర టైరు పంచరయింది. ఆవును దించి మైలురాయికి కట్టి ఇడ్లీ తినడానికి వెళ్లాను. వచ్చేసరికి దాని మూతికి రెండు వైపులా తెల్ల పూలు వేలాడుతున్నాయి. పరుగెత్తి ఒట్టి చేతులతో నోట్లోంచి లాగాను. అది ఆటనుకుని, పసరుతో సహా మూతిని నా మొహానికి రుద్దింది.

"తిననీ అప్పా, తింటే పాలేమన్నా తగ్గుతాయా?" అన్నాడు డ్రైవరు, టైరు బిగిస్తూ.

మర్నాటికి నా మొహం గుమ్మడికాయంత అయింది. అయినా గల్లా దగ్గర కూర్చుని కొత్త ఆవు కాఫీ అని చాటించాను. మేష్ట్రు ఒక గుక్క తాగి, "ఆవు యాడిదప్పా?" అన్నారు.

"బాగేపల్లిది, మేష్ట్రా."

"చేదు మాత్రం మనూరిదే."

ఆ పూటే నారాయణమ్మ ఇంటికి వెళ్లాను. "ఎవురప్పా నువ్వు?" అంది.

"కాఫీ హోటలాయన్నమ్మా. తప్పు నీది కాదు, గడ్డిది. నిన్ను అనరాని మాట అన్నాను."

నా మొహం తేరిపార చూసి, "ముట్టుకుంటివా?" అని కూలబడి నవ్వింది. నవ్వాగాక కళ్లు తుడుచుకుని, "నువ్వు పాలు వద్దన్నాక నెల దినాలు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదప్పా," అంది. వాపు తగ్గగానే చేతులకు గుడ్డలు చుట్టుకుని, ఆమె ఆవులు మేసే బీడులో ఆ గడ్డినంతా ఇద్దరం కలిసి పీకాం. నా ఆవునూ ఆమె కొట్టంలోనే కట్టాను. కొన్నాళ్లకు కాఫీ మళ్లీ కాఫీలా ఉంది.

వాన పడగానే ఆ గడ్డి మళ్లీ మొలిచింది, మళ్లీ పీకాం. ఏటా అదే పని. ఒక మొక్క వల్ల నా హోటలు, గంగులమ్మ శెనక్కాయ, నారాయణమ్మ పొయ్యి అన్నీ దెబ్బ తిన్నాయని అర్థం కావడానికి నాకు ఒక బస్సు, ఒక లారీ, ఒక వాచిన మొహం కావాల్సి వచ్చాయి. ఆ వైపు ఆవు కొనడానికి వెళ్లేవాళ్లు లారీలో ఒక ఎండుగడ్డి మోపు వేసుకోండి. మీరు ఇడ్లీ తింటున్నప్పుడు ఆవుకూ ఆకలేస్తుంది.