మడత లోపలి గుడ్డ

చెన్నై చింతాద్రిపేటలో బడిపిల్లల యూనిఫారాలు అమ్మే ఓ దుకాణంలో అమ్మణి పెళ్లైన కొత్తలోనే కుట్టుపనికి చేరింది. పొడుగైన పావడాలను పిల్లల ఒంటికి సరిచేసేది ఆమే. కత్తెర మాత్రం పెట్టేది కాదు, అంచు లోపలికి మడిచి కుట్టేది.

"కోస్తే పాయె. కుదిస్తే లోపల్నే ఉంటాది," అనేది.

ఆ తేడా చెప్పింది మగ్గం నేసిన వాళ్ల నాయన. తడిసిన గుడ్డ తనంతట తాను ముడుచుకుంటే కుదియడం, మనం ముడిస్తే కుదించడం, రెంటిలోనూ ఒక్క పోగు ఎక్కడికీ పోదు అనేవాడాయన. అందుకే పిల్ల ఎదిగాక మడత విప్పితే అమ్మణి కుట్టిన పావడా మరో ఏడాది వచ్చేది.

మొన్న ఏప్రిల్లో యజమాని విజయకుమార్ ఆమెను పిలిచి మెత్తగా చెప్పాడు. "అక్కా, యాపారం డల్లుగా ఉండాది. నీ పని కొంచెం కుదించినాం. పిలిచినప్పుడు వస్తే చాలు."

అమ్మణికి దిగులు వేయలేదు. కుదించాడు కదా, బడులు తెరవగానే విప్పుతాడనుకుంది. దగ్గర్లోని చూలై పేటలో ఒక టైలరు పనికి రమ్మన్నా, మా విజయకుమార్ తమ్ముడు పిలుస్తాడని పోలేదు. పిచ్చితల్లి.

జూన్ వచ్చింది, పిలుపు రాలేదు. తానే వెళ్లింది. దుకాణం నిండా జనం. తన మిషను ఉండే మూలలో గాజు బీరువా, దాన్నిండా టైలు, సాక్సులు.

"నా మిషను యాడ తమ్ముడూ?"

"ఏప్రిల్లోనే అమ్మేసినాం అక్కా. ఇప్పుడంతా రెడీమేడే. కుదించినామని చెప్పినా కదా."

ఒళ్లు మండదూ? పని ఊడబెరికి, దానికి ఇస్త్రీ చేసిన మాట తొడగడం వీళ్లకు ఎవరు నేర్పారు? తీసేశామని చెప్పడానికి నోరు రాని పెద్దమనుషులు, ఆమె నాయన నేర్పిన మాటను పట్టుకుని ఆమెనే మోసం చేశారు. ఆ చూలై పేట టైలరు ఈపాటికి ఇంకొకరిని పెట్టుకున్నాడు.

అమ్మణి బల్ల మీది కొత్త పావడా తీసి అంచు తిరగేసింది. మడత లోపల వేలెడు గుడ్డ లేదు.

"కుదించినావంటే లోపల ఉండాల. యాడుందో చూపించు," అంది. "కోసినానని ఆ పొద్దే చెప్పుంటే నా దోవ నేను చూసుకుందును."

విజయకుమార్ ఆమె చేతిలోని పావడా తీసుకుని మళ్లీ మడతపెట్టాడు.

"రెండూ ఒకటే కదక్కా," అన్నాడు.