పప్పు దుకాణం ముందు పొట్టేలు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. గల్లాపెట్టె ముందు కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది, కందిపప్పు జోకుతూ కూడా బజారులోకి తొంగి చూస్తుంటాను. ఇలాంటి మనిషి కొత్త కారు కొంటే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దుకాణం ముందు నిలిపితే ఎవరు ఆనుకుంటారోనని భయం, వెనక సందులో పెడితే పిల్లలు బంతి కొడతారేమోనని భయం. కారు కొన్నాక నా నడక పెరిగిందని మా అమ్మ ఎగతాళి చేసేది. రోజంతా అది ఎక్కడుందో చూసి రావడానికే సరిపోతోందట.

ఆ రోజు వికారాబాద్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, పనిలో పనిగా అక్కడి సర్వీసు సెంటర్లో కారు కడిగించి, పాలిష్ పెట్టించి తాండూరుకు తిరిగొస్తున్నాను. నల్ల కారు. తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంతగా మెరుస్తోంది. పెద్దేముల్ దగ్గర ఫోన్ మోగితే రోడ్డు పక్కన ఆపి మాట్లాడుతున్నాను. ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అందులో అన్నిటికంటే పెద్ద పొట్టేలు నా కారు వెనక తలుపు ముందు ఆగింది. ఆ నలుపులో దానికి ఇంకో పొట్టేలు కనబడింది. ఇది తల వంచితే అదీ వంచింది. ఇక ఊరుకుంటుందా? వెనక్కి జరిగి, ఉరికొచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. నేను ఫోన్ సీట్లో పడేసి దిగేలోపు రెండోది కూడా అయిపోయింది.

తలుపులో గిన్నె పట్టేంత సొట్ట. పైన రంగు లేచిపోయింది. నాకు ఒళ్లు మండిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. మంద తోలుతున్నాయన అప్పుడప్పుడు మా దుకాణంలో పప్పు కొనే మనిషే, నాకంటే పెద్దవాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. అది చూసి ఇంకా రెచ్చిపోయి, “ఇది సరయ్యేదాంక నీ పొటేలును బందెలదొడ్ల కట్టేపియ్యాలె,” అని అరిచి కారెక్కాను.

బందెలదొడ్డి అంటే పరుల చేలో పడి మేసిన పశువులను పట్టి కట్టేసే చోటు. జుర్మానా కడితేనే వదిలేవారు. ఇప్పుడు మా చుట్టుపక్కల అలాంటిది ఎక్కడా లేదు. చిన్నప్పుడు పెద్దవాళ్ల నోట విన్న మాట, కోపంలో బయటికొచ్చింది, అంతే.

ఇంటికొచ్చాక అసలు గోల మొదలైంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా, చేతి నుంచి పెట్టుకోవాలా? సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తే అక్కడి మేనేజరు, ఇంత చిన్న దెబ్బకు క్లెయిమ్ ఎందుకు సార్, మీ వాటా ఎలాగూ మీరు కట్టాలి, వచ్చే ఏడు ప్రీమియంలో వచ్చే తగ్గింపు కూడా పోతుంది అన్నాడు. మాట సబబుగానే ఉంది. కానీ నేను వ్యాపారిని. పైసా కట్టి సరుకు తీసుకోకుండా వచ్చిన రోజు నా జన్మలో లేదు. కట్టిన ప్రీమియం వాళ్లకు ఊరికే వదిలేయడం ఏమిటి? పక్క దుకాణాయన మాత్రం, పొట్టేలు అని రాస్తే ఎవడూ నమ్మడు, ఏదో బండి తగిలి పోయిందని రాయమన్నాడు. ఆ అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం చెప్పి నవ్వులపాలు కావడమూ ఇష్టం లేదు. చీకటి పడేదాకా దుకాణంలోకీ కారు దగ్గరికీ తిరిగి తిరిగి, చివరికి ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి పొట్టేలు అనే చెప్పి క్లెయిమ్ పెట్టాను. వాళ్ల సర్వేయర్ శుక్రవారం వచ్చి నష్టం చూస్తాడని, అప్పటిదాకా సొట్టను ముట్టుకోవద్దని చెప్పారు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి ఎదురుగా ఆటో ఆగి ఉంది. అందులోంచి గొర్లాయన పొట్టేలును దించి, మా దుకాణం ముందరి స్తంభానికి కట్టేశాడు.

“తప్పు నా జీవానిది, సేటు,” అన్నాడు. “సొట్ట సరయ్యేదాంక ఈడ్నే ఉండనియ్యుండ్రి. బందెలదొడ్డి లేకపాయె, మీ దుకాణమే గట్లనుకుంట.”

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఇల్లు, దుకాణం ఒకటే కప్పు కింద. అలాంటి ఇంటి ముందు పొట్టేలు! బతిమాలాను, కసిరాను, ఏదో కోపంలో అన్నానని చెప్పాను. అతను కదలలేదు. పోయిన ఏడు అతని బిడ్డ జ్వరంతో తెలివి తప్పి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బతికితే తమ కులదేవుడు బీరప్పకు బలి ఇస్తామని మొక్కుకుని ఈ పొట్టేలును విడిచారట. బిడ్డ లేచి తిరుగుతోంది. వచ్చే ఆదివారమే పండుగ. ఇంకొకరి నష్టం తల మీద మోస్తున్న జీవాన్ని దేవుని ముందు నిలబెట్టకూడదని అతని పట్టు.

“నేను మాఫ్ చేసిన, తీస్కపో,” అన్నాను.

“మీరు మాఫ్ చేసిండ్రు, మంచిదే. కనీ సొట్ట ఆడ్నే ఉన్నది గద సేటు.”

కంపెనీ వాళ్లు డబ్బు ఇస్తారు, నీకూ నాకూ నష్టం లేదని ఇన్సూరెన్స్ సంగతి విప్పి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఎప్పుడిస్తారని అడిగాడు. శుక్రవారం వచ్చి చూస్తారు, ఆ తర్వాత పని మొదలవుతుంది అన్నాను. అంటే ఆదివారానికి కాదన్నమాట అని లెక్క తేల్చుకుని, ముఖం చిన్నబుచ్చుకుని, అదే ఆటోలో వెళ్లిపోయాడు. పొట్టేలు మిగిలింది.

ఆ నాలుగు రోజులు నా పరువు బజారున పడింది. వచ్చినవాళ్లంతా పప్పు కిలో ఎంత, పొట్టేలు కిలో ఎంత అని నవ్వారు. కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఒకాయన నిజంగానే కన్నడంలో బేరం మొదలుపెట్టాడు. గొర్లాయన రోజూ పొద్దున్నే గడ్డి తెచ్చి వేసి, కారు తలుపు వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వెళ్లేవాడు. ఏదైనా అడిగితే బాగుండు, కసిరైనా పంపేవాణ్ణి. ఆ చూపుకు మాత్రం ఏమనాలో తెలిసేది కాదు. రోజంతా ఆ పొట్టేలును, ఈ సొట్టను మార్చి మార్చి చూసుకుంటూ గుమ్మంలో పచార్లు చేశాను. లెక్కలు కూడా రెండుసార్లు తప్పాయి.

మా అమ్మ మొదటి రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. రెండో రోజు గుమ్మంలో నిలబడి, దానికి నీళ్లు పెట్టారా అని అడిగింది. ఆ తర్వాత చూస్తే చాటలో కంది పొట్టు పోసి తనే తినిపిస్తోంది. అది తిని, చాట కూడా నాకి, కొమ్ములతో ఆమె చేతిని మెల్లగా నెట్టేది. ఇంకా కావాలా, నీది కడుపా చెరువా అని దానితో మాట్లాడేది. ఆదివారం సంగతి ఆమెకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

శుక్రవారం పొద్దున సర్వేయర్ ఫోన్ చేసి, వేరే పని తగిలింది, సోమవారం వస్తానన్నాడు. ఆ మాట వినగానే ఇంటి వెనకదాకా వెళ్లి మళ్లీ ముందుకు వచ్చాను. సోమవారం అంటే పండుగ దాటిపోతుంది. మొక్కు తప్పితే, రేపు ఆ పిల్లకు చిన్న దగ్గు వచ్చినా ఆ తల్లిదండ్రులు ఎలా నిద్రపోతారు? నాకు ఆ మొక్కుల మీద నమ్మకం లేదు. కానీ నమ్మేది వాళ్లు. నా కారు తలుపు కోసం వాళ్లు భయపడుతూ బతకాలా? ఇంకో గంట ఆలోచిస్తే మళ్లీ మనసు మారుతుందని తెలుసు, నా సంగతి నాకు తెలియదా. అందుకే నిలబడ్డచోటే క్లెయిమ్ వద్దని చెప్పేసి, కారు తీసుకెళ్లి తాండూరులోనే టింకరింగ్ షెడ్డులో వదిలాను. ప్రీమియం నీళ్లపాలే అనుకుని పళ్లు నూరుకున్నాను. కానీ ఎన్నో రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

శనివారం సాయంత్రానికి తలుపు నున్నగా అయింది. కబురు పంపితే గొర్లాయన వచ్చాడు. వెనక తలుపు మీద అరచేత్తో పైనుంచి కిందిదాకా నిమిరి చూశాడు. కంపెనీ వాళ్లు ఇచ్చారా అని అడిగితే, లేదు, నేనే చేయించానన్నాను.

అతను రెండు చేతులూ జోడించాడు. “ఇగ నా జీవం మీద ఎవ్వరి మాట లేదు. రేపు రాండ్రి సేటు. మీరు తినరు, నాకెరికే. బిడ్డ నెత్తిన నాలుగు అక్షింతలేసి పోండ్రి.” అతని కళ్లు తడిగా ఉన్నాయి. మంచి పని చేశానని, చాలా కాలానికి నా మీద నాకే గౌరవం కలిగింది.

పొట్టేలు ఆటో ఎక్కనని మొండికేసింది. లాగినకొద్దీ వెనక్కి తన్నింది. చివరికి మా అమ్మ లోపలికి వెళ్లి చాటలో కంది పొట్టు తెచ్చి ఆటోలో పెట్టింది. అది ఆ చాట వెంట తనంతట తనే ఎక్కింది. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. “కంపెనోళ్లు సోమారం వస్తమన్నరంటివి గద. అప్పటిదాంక జర ఆగకపోతివిరా?”

“ఆగితే ఆ పిల్ల మొక్కు తప్పుతుండె గదమ్మా,” అన్నాను.

“నాకెరికే,” అంది మా అమ్మ. “ఎరికైనా అడుగుతున్న.”