తల్లి లేని గొర్రెపిల్లలు, తెలివైన కోడలు

వేప్పనపల్లి పక్కన మా అత్తగారి ఊర్లో నన్ను తెలివైన కోడలంటారు. పెండ్లికి ముందర హోసూరు కంపెనీలో పని చేసినదాన్ని, ఏది అడిగినా ఫోన్లో చూసి చెప్తాను కాబట్టి. ఆ తెలివి ఏపాటిదో రెండు గొర్రెపిల్లలు తేల్చినాయి.

మా గొర్రె ఒకటి కవల పిల్లల్ని ఈని, ఆ పొద్దే చచ్చిపోయింది. అత్త పిల్లల్ని ఇంకొక పాలగొర్రె దగ్గర వదిలి చూసింది. ఆ మహాతల్లి రెండింటినీ తలతో కుమ్మి మర్యాద చేసింది. పిల్లలు మూడుసార్లు ఎగిరిపడినాక అత్త వాటిని తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"నువ్వే సాకమ్మా. మాకేం తెలుసు, ఇన్నేండ్లూ ఊరికే గొర్రెల ఎనకాల తిరిగినోళ్ళం."

ఎగతాళి అని నాకు తట్టలేదు. గౌరవం అనుకున్నాను.

ఫోన్ వీడియోలో మెరిసే బూట్లు వేసుకున్న ఒకాయన గొర్రెపిల్లకి సీసాతో పాలు ఎట్ల పట్టాలో చూపించినాడు. మా పాప మానేసిన పాలసీసా కడిగి, మేకపాలు గోరువెచ్చగా చేసి పట్టినాను. ఆయన పిల్ల తోక ఊపతా తాగింది. నా పిల్లలు చీర కొంగు చీకినాయి, నా వేళ్ళు చీకినాయి, సీసా తప్ప అన్నీ చీకినాయి. రెండో రోజుకి అలవాటు పడినాయి. ఆ తర్వాత నేను యాడికి పోతే ఆడికే. బాత్రూం తలుపు ముందర కూడా కాచుకొని ఉండేవి. పెండ్లయి ఇన్నేండ్లయినా మా ఆయన ఒక్కసారీ నాకోసం అట్ల ఎదురుచూడలేదు.

ఆడది గట్టిది. మగది సన్నమే గానీ చురుకైనది, దానిమీద నాకు ప్రేమ ఎక్కువ.

"అరిగినాక పట్టు, కొంచెం కొంచెం పట్టు" అనింది అత్త. పాతకాలం మాటలని నవ్వుకొని, అరిచినప్పుడల్లా పట్టినాను. వారం తిరక్కుండానే మగదాని పొట్ట డోలు మాదిరి ఉబ్బింది. అత్త వాము నీళ్ళు తాపింది, పొట్ట నిమిరింది. డాక్టరుకి చూపించమని బూట్లాయన ఫోన్లో సెలవిచ్చినాడు. పశువుల డాక్టరు వచ్చేసరికి అది నా ఒడిలోనే పోయింది.

"దినానికి ఎన్నిసార్లు పట్టినావమ్మా?" అని డాక్టరు అడిగినాడు.

"పుట్టినప్పుడే నీరసంగా ఉండింది సార్" అనింది అత్త, నా పక్క చూడకుండా. అది అబద్ధమని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ పొద్దు నేను అన్నం తినలేకపోయినాను.

ఆడది మాత్రం పెరిగింది. మందలోకి తోలితే గొర్రెల్ని చూసి జడుసుకొని ఇంట్లోకి పరిగెత్తేది. ఆ పశువులతో తనకేం పని అన్నట్టు, టీవీ ముందర పండుకునేది. అయినా చూలు కట్టి, పోయిన మామిడికాయల కాలంలో ఈనింది. కిందపడిన పిల్లని చూసింది, నన్ను చూసింది, దూరం జరిగింది. ఇదెవరిదో తీసుకపో అన్నట్టు.

నేను మేకపాలకి లేచినాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"ఈడ కూర్చో. దాని తల పట్టుకో."

నేను తల పట్టుకుంటే, అత్త పిల్లని పొదుగు కిందికి తోసింది. అది తన్నింది. మళ్ళీ తోసింది. మళ్ళీ తన్నింది. పొద్దు వాలేదాకా అదే పని. నా మోకాళ్ళు పట్టేసినాయి. కడాకు తన్నడం మాని, మెడ తిప్పి పిల్లని వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది.

ఇప్పుడు తల్లీ పిల్లా మంద వెంబడే పోతాయి. నేను పిలిస్తే మహారాణి తల కూడా తిప్పదు. నాకు సంతోషమే. కొంచెం ఒళ్ళు మండతాదనే మాట కూడా నిజమే.