వీసీఆర్ బేరింగులు, మావయ్య గ్రీజు

మా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో బేరింగులకు కొదవ లేదు... లారీవి, ట్రాక్టరువి, ఫ్యానువి, ఏది అడిగినా దొరికేది. చొక్కా గుండీ అంత బేరింగు కావాలంటే మాత్రం షాపుల వాళ్ళు నవ్వేవాళ్ళు. "అంత చిన్నది దేనికమ్మా, చెవికి పెట్టుకుంటావా?" అన్నాడొకాయన.

నాకు కావలసింది ఇంజనుకి! తొమ్మిదో తరగతిలో ఉన్నాను. లైబ్రరీ పుస్తకంలో బొమ్మ చూసి, స్పిరిట్ దీపం వేడికి తిరిగే బుల్లి ఇంజను చేస్తానని సైన్సు మాస్టారికి మాటిచ్చేశాను. నందిగామలో స్కూళ్ళన్నిటికీ కలిపి ఎగ్జిబిషన్... మా స్కూలు నుంచి నా పేరే పంపారు. అట్టముక్కల బొమ్మలు ఎవరైనా చేస్తారు, నాది తిరుగుతుంది చూడండి అని క్లాసంతా కోతలు కోశాను కూడా. తిరగకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించలేదు.

నా ధైర్యమంతా మా మావయ్యే. అమ్మకు తమ్ముడు, చిల్లకల్లు రోడ్డులో లారీ మెకానిక్. టెస్ట్ ట్యూబు, గాజు సిరంజి, పాత టేపురికార్డరులోంచి తీసిన ఇత్తడి చక్రం... అన్నీ ఇద్దరం కలిసి కుదిర్చాం. ఆ చక్రం ఇరుసుకి అటొకటి, ఇటొకటి బేరింగులే మిగిలాయి. బెజవాడలో దొరుకుతాయన్నారు గానీ, ధర వినగానే మావయ్య దండం పెట్టేశాడు.

అప్పటికే ఊళ్ళోకి కేబుల్ వచ్చి, వీసీఆర్‌లు అటకెక్కేశాయి. టీవీ రిపేరు షాపులో ఓ మూల గుట్టగా పడి ఉండేవి. వాటిలో క్యాసెట్టు టేపు చుట్టుకుని గిర్రున తిరిగే వెండిరంగు డ్రమ్ము ఉంటుంది చూడండి... దాని పొట్టలో రెండు బుల్లి బేరింగులుంటాయి! ఈ సంగతి కనిపెట్టింది నేనే. ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. మావయ్య ఆ షాపాయన స్కూటరు బాగుచేసి పెట్టాడు, ఆయన రెండు డ్రమ్ములు మా చేతిలో పెట్టాడు.

మొదటిదాన్ని నేను సుత్తితో కొట్టి నాశనం చేశాను. రెండోది మావయ్య పంపు స్టవ్ మీద కాసేపు వేడిచేసి, చెక్క మీద మెల్లగా తట్టాడు... బేరింగులు వాటంతటవే జారి పడ్డాయి. పనివాడితనం అంటే అదీ.

ఆ తర్వాతే వచ్చింది చిక్కంతా. గ్రీజు పెట్టకుండా బేరింగు ఎక్కించడం మావయ్య జన్మలో ఎరగడు. "కొబ్బరికాయ కొట్టకుండా కొత్త బండి తీత్తామా? ఇదీ అంతేనే కోడలా" అంటూ, లారీ చక్రాలకు పెట్టే గ్రీజుని ఆ బుల్లి బేరింగుల్లో అగ్గిపుల్లతో కూరి కూరి పెట్టాడు. ఎంత ప్రేమగా పెట్టాడో!

దీపం వెలిగించాం. చక్రం అర చుట్టు తిరిగి ఆగిపోయింది. సిరంజి మార్చాం, దీపం పెద్దది పెట్టాం, రబ్బరు గొట్టం మార్చాం... ఊహూ. ఎగ్జిబిషన్ ఎల్లుండికొచ్చింది. నాకు అన్నం సయించడం మానేసింది.

పక్కనే జాకెట్లు కుట్టుకుంటున్న అమ్మ తల ఎత్తకుండానే అంది. "ఒరేయ్, ఆ గ్రీజు నా మిషన్‌కి పెడితే ఇది కూడా తిరగదు. కడిగెయ్యండి."

మావయ్యకు కోపం నషాళానికంటింది. "ఇరవయ్యేళ్ళ నుంచీ చక్రాలు తిప్పుతున్నా అక్కాయ్. నాకే చెప్తున్నావా?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ ఇంజను ముందే కూర్చున్నాను. కడిగితే మావయ్యని కాదన్నట్టు, కడగకపోతే నా పరువు పోయినట్టు. చివరికి గిన్నెలో కిరసనాయిలు పోసి, బేరింగులు విప్పి, పాత బ్రష్షుతో శుభ్రంగా కడిగాను. ఆరాక ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను, అంతే. వేలితో తిప్పితే ఆగనే ఆగదు! సంతోషం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే మావయ్య వచ్చాడు. మూతి ముడుచుకునే ఉన్నాడు, కానీ బస్సులో నందిగామ దాకా ఇంజనుని తన ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాడు. బేరింగులు కడిగిన సంగతి మాత్రం నేను చెప్పలేదు.

దీపం వెలిగించగానే చక్రం రివ్వున అందుకుంది. చుట్టూ పిల్లలు మూగారు. మావయ్య చక్రం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. నేను తల దించుకున్నాను.

ఇంతలో మార్కులు వేసే లెక్చరరు గారు వంగి చూసి, "ఇంత తేలిగ్గా తిరుగుతోందే... బేరింగులు ఎవరు బిగించారమ్మా?" అని అడిగారు.

"మా మావయ్యేనండి" అన్నాను గబగబా.

మావయ్య ఒక అడుగు ముందుకేశాడు. "బిగించింది నేనేనండి. గ్రీజు కూరి తిరక్కుండా చేసింది కూడా నేనే. తప్పు నాదండి. మా కోడలు కడిగి తిప్పింది... దానికే వేయండి మార్కులు."

అంతమంది ముందు! చేతిలో గ్రీజు మరకలున్న గుడ్డతో, మామూలుగా టైము చెప్పినట్టు చెప్పాడు. నాకు ఏడుపొచ్చేసింది. రెండో బహుమతి వచ్చింది గానీ, అదెక్కడ పోయిందో కూడా ఇప్పుడు తెలియదు.

ఇప్పటికీ ఆదివారాలు బుల్లి ఇంజన్లు చేస్తూనే ఉంటాను. పాత ప్రింటర్లు, పాడైన హార్డ్ డిస్కులు దేన్నీ వదలను. దానికీ ఓపిక లేకపోతే ఫోనులో నొక్కితే చాలు, పది బేరింగుల పాకెట్టు గుమ్మంలోకి వచ్చేస్తుంది. అన్నీ తేలికైపోయాయి...

మొన్న ఆఫీసు మీటింగులో ఒక పొరపాటు బయటపడింది. అది నాది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. "తప్పు నాదండి" అని మావయ్య చెప్పిన ఆ రెండు మాటలు నా నాలుక చివరిదాకా వచ్చాయి... వచ్చి ఆగిపోయాయి.

మీ ఇళ్ళల్లోనూ అలా నలుగురి ముందు తప్పు ఒప్పుకున్న పెద్దవాళ్ళు ఉండే ఉంటారు కదా... వాళ్ళ గురించి చెప్పండి. నాకిప్పుడు వినాలనుంది.