ప్రభువు బల్ల మీద మత్తు లేని సీసా

వైన్ ప్రపంచం వార్తలు నాకు అడక్కుండానే అందుతాయి. ఈ ఎడారి దేశానికి వచ్చి అద్లియాలో నేను వడ్డన పని చేసే రెస్టారెంటులో మా మేనేజరు రోజూ డ్యూటీకి ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఫోన్లో చూసి చదువుతాడు. కస్టమర్లు ఏదైనా అడిగితే మేం నోరెళ్లబెట్టకూడదట. ఫలానా దేశంలో ఎండలు ముదిరి ద్రాక్షలు ముందే కోసేశారు. ఫలానా చోట వైన్‌ని రేకు డబ్బాల్లో పోసి అమ్ముతుంటే పెద్దవాళ్లకు కోపం వచ్చింది. ఒకాయన ఎర్ర వైన్ రుచి చూసి అందులో తడి రాయి, పాత తోలు, పెన్సిలు చెక్కిన పొట్టు తగిలాయన్నాడు. మా భీమవరంలో కూరలో రాయి తగిలితే వండినదాన్ని తిడతారు. ఇక్కడ దానికి మార్కులు ఎక్కువ వేస్తారు. అయినా మావైపు వైన్స్ అని బోర్డు పెట్టిన కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే హక్కు మాకు లేదేమో.

ఈమధ్య అన్నిటికంటే ఎక్కువగా వినపడుతున్నది మత్తు తీసేసిన వైన్ సంగతి. కుర్రకారు తాగుడు తగ్గించారట. అందుకని కంపెనీలవాళ్లు ముందు వైన్ చేసి, తర్వాత అందులోంచి మత్తు బయటికి లాగి, బిరడా బిగించి అమ్ముతున్నారు. అంత కష్టం దేనికో నాకు అర్థం కాలేదు. ద్రాక్షలు పిండి ఊరుకుంటే సరిపోయేది. మేనేజరు మాత్రం ఇదే భవిష్యత్తు అన్నాడు. ఆ భవిష్యత్తును మా కస్టమర్లు ఒక్కరూ ముట్టుకోలేదు. సాంపిలుకు వచ్చిన సీసా ఒకటి దుమ్ముపట్టి పోతుంటే, మీ చర్చిలో పనికొస్తుందేమో తీసుకెళ్లమని నాకిచ్చాడు.

సరిగ్గా అప్పుడే మా పాస్టరమ్మగారు కూతురి కాన్పుకి ఇండియా వెళ్లారు. మా తెలుగు సహవాసంలో నెలలో మొదటి శుక్రవారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచి, ద్రాక్షారసం పంచుతారు. ఆ రసం అమ్మగారే నల్లద్రాక్షలు ఉడికించి, పంచదార వేసి, వడకట్టి ప్లాస్టిక్ జగ్గులో తెచ్చేవారు. అది ఎంత తియ్యగా ఉండేదంటే, పిల్లలు దానికోసమే బాప్తిస్మం తీసుకుంటామని గొడవ చేసేవారు. ఈసారి ఆ పని నామీద పడింది. గురువారం డ్యూటీ అయ్యాక హూరాలో నా గదికి చేరేసరికి కాళ్లు పీక్కుపోతున్నాయి. ఇక ద్రాక్షలు ఎవరు ఉడికిస్తారు? మర్నాడు సీసా సంచిలో వేసుకుని బయల్దేరాను. ద్రాక్షలతో చేసిందే, మత్తు లేదు, పైగా ప్రపంచమంతా ఇప్పుడు ఇదే గొప్ప అంటోంది.

బుద్ధి ఉన్నదాన్నయితే ఇంట్లోనే తెరిచి జగ్గులో పోసుకుని వెళ్లేదాన్ని. నాకా ఆలోచనే రాలేదు.

అందరూ తలలు వంచి, ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడని సమయంలో పాస్టరుగారు నాకు సైగ చేశారు. రెస్టారెంటు అలవాటుకొద్దీ చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. తెల్లగుడ్డ మడిచి మోచేతి మీద వేసుకున్నాను. సీసా మీది పేరు కనపడేలా పాస్టరుగారి వైపు తిప్పి చూపించాను. బ్యాగులోంచి బిరడా లాగే స్క్రూ తీసి గిర్రున తిప్పి లాగాను. టప్‌మంది. వంచిన తలలన్నీ ఒక్కసారి లేచాయి. అక్కడైనా ఆగానా? బిరడా వాసన చూశాను. ఆయన కప్పులో కొంచెం పోసి, ఒక అడుగు వెనక్కి వేసి, నచ్చిందా అన్నట్టు నిలబడ్డాను. పాపం ఆయన అయోమయంగా తాగి, తల ఊపారు.

"థ్యాంక్యూ సర్" అన్నాను.

చిన్న చిన్న కప్పుల్లో అందరికీ పంచాం. అందరూ తాగారు. తర్వాత మొదలైంది. ముందు వరసలో ఒక పిన్నిగారు "తల తిరిగిపోతందమ్మో" అని పక్కావిడ భుజం మీద వాలిపోయింది. ఇంకొకాయన ఒళ్లు వేడెక్కుతోందని ఏసీ కిందికి జరిగాడు. కీబోర్డు వాయించే తమ్ముడు ఒక్కో చేత్తో ఒక్కో పాట వాయించాడు. అతను ప్రతివారం అంతే, కానీ ఆ రోజు నేరం సీసా మీదికి పోయింది. "అందులో ఏం లేదండీ బాబూ!" అని నేను మొత్తుకుంటే, "ఆ పిల్లకి కూడా ఎక్కేసినట్టుంది" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు, మేస్త్రీ అన్న మొహం చూసేదాకా.

ఆయనది జగిత్యాల వైపు. కర్జకాన్‌లో విల్లాలు కట్టేచోట మేస్త్రీ పని. ఒకప్పుడు పచ్చి తాగుబోతు. బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి చుక్క ముట్టలేదు. ప్రతి ప్రభువు బల్ల తర్వాత లేచి, దేవుడు తనను ఎలా మార్చాడో అదే సాక్ష్యం చెబుతాడు. తాగి బండి తోలుకుంటూ కొట్టంలోకి దూరి, బర్రెకు సలాం కొట్టి ఇంకో క్వార్టర్ ఇమ్మని బతిమాలిన సంగతి మా అందరికీ కంఠతా వచ్చు. ఆ రోజు పాస్టరుగారు పేరు పెట్టి పిలిచినా ఆయన సాక్ష్యానికి లేవలేదు. కాసేపటికి ఖాళీ కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, నిజం చెప్పు. ఇందుల మందున్నదా?"

"లేదన్నా. సున్నా. ఇదిగో, సీసా మీద రాసుంది, చూడు."

"సున్నా అని నేను గూడ చెప్పేటోన్ని, మా ఇంటామెకు. రోజు చెప్పేటోన్ని." ఆయన ఖాళీ కప్పులోకి చూశాడు. "నా సాక్ష్యం ఖరాబైందా, చెల్లె?"

నాకు భయం వేసింది. ఇక మాటలతో పని కాదని, సీసాలో మిగిలిందంతా అందరి ముందూ గటగటా తాగేశాను. పుల్లగా ఉంది, అంతే. మూతి తుడుచుకుని, "చూస్కోండి, ఒంటికాలి మీద నిలబడతాను" అని ప్రకటించాను. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆటలో కూడా నేను ఒంటికాలి మీద నిలిచింది లేదని ఆ ఊపులో గుర్తురాలేదు. తిన్నగా వెళ్లి డోలక్ మీద పడ్డాను. సగం మంది నవ్వారు. మిగతా సగం మంది నాకోసం ప్రార్థన ఎత్తుకున్నారు.

ఎవరో లేవదీస్తే లేచి చూద్దును కదా, మేస్త్రీ అన్న లేడు. బయట మెట్ల మీద, విడిచిన చెప్పుల మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఒట్టు పెట్టకూడదని తెలిసినా పెట్టాను, బైబిలు మీద ఒకటి, మా అమ్మ మీద ఒకటి.

"ఊకో చెల్లె, నమ్మిన," అన్నాడు. "దానికి గాదు. నోట్ల పడంగనే, మందున్నదా లేదా అని నాలిక మీద ఉంచుకొని చూసిన. తెలుస్తలేదు. అన్నేండ్లు తాగినోన్ని, అదెట్లుంటదో మర్శిపోయిన."

ఫోను తీసి ఊళ్లో ఉన్న భార్యకు కలిపాడు. కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ కావాలి కాబట్టి స్పీకర్లో పెట్టి మెట్టు మీద ఉంచాడు. సీసా గురించీ నా గురించీ ఏమీ చెప్పలేదు. "ఏమే, మందు రుచి నేను మర్శిపోయిన" అన్నాడు, అంతే.

లైను తెగిందేమోనని నేను వంగి చూశాను. అప్పుడు ఆవిడ, "ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాడు.