నేను పట్టుకోని చెయ్యి

మా కాలంలో ఆడపిల్ల చేతికి గాజులు తొడిగేవారు గానీ బలపం ఇచ్చేవారు కారు. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక, మనవరాలి పాత పలక మీద. అందుకే ఇది రాయడం ఇంత ఆలస్యమైంది. (అక్షరాలు వచ్చి కూడా నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లకు నా దగ్గర సాకు లేదు.)

అప్పుడు నాకు పదహారేళ్లు. పత్తర్‌గట్టిలో మేనత్త గాజుల దుకాణంలో కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, మెత్తగా నొక్కితే చాలు, ఏ కొలత గాజు ఎక్కుతుందో చెప్పేసేదాన్ని. దానికి అత్త గొప్పలు పోయేది, నేను అంతకు రెండింతలు పోయేదాన్ని. ఒకనాడు ఒక హబ్షీ సిపాయి భార్య తన బిడ్డను తీసుకొచ్చింది. మర్నాడే ఆ పిల్ల పెళ్లి. తాతల నాడు ఆఫ్రికా నుంచి ఫౌజు కొలువుకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లను ఊరంతా హబ్షీలనేది. మా ఇంట్లో ఆ మాటకు మనుషులతో పనిలేదు, అది బూచి పేరు. చెల్లె అన్నం తినకపోతే "అగో, హబ్షోడు వస్తుండు" అనేవాళ్లం. ముద్దా మింగేది, ఏడుపూ మింగేది. నన్నూ అట్లాగే పెంచారు.

ఆ పిల్ల చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. పై అరలో ఉన్న అన్నిటికన్నా పెద్ద కొలత ఎర్రగాజులు దింపి (తాలింఖానాలో కుస్తీ పట్టే పహిల్వానుకు సరిపోతాయి అవి), గోడ కొయ్యకు సంచి తగిలించినట్టు దూరం నుంచే ఆమె చేతికి తగిలించాను.

"చెయ్యి పట్టి చూడు ఆపా, కరవదు" అని, సొంత అక్కను పిలిచినట్టు పిలిచి నవ్వింది ఆ పిల్ల. నవ్వుతూనే చెయ్యి దించింది. డజను గాజులూ జారి బండల మీద భళ్లుమన్నాయి. ఆమె చెయ్యి నా చేతికన్నా సన్నం.

పెళ్లి గాజులు పగలడం వాళ్లకూ అపశకునమే, మాకూ అపశకునమే. తల్లి ముఖంలో నెత్తురు లేదు. పక్క దుకాణం అత్తరు భాయ్ తొంగి చూసి, "అరే, ఆ చెయ్యి జూసి గాజులు గూడ బెదిరినయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎట్ల పగిలినయే?" అంది అత్త.

"ఆమెనే చెయ్యి గుంజింది అత్తా."

పిల్ల నా వైపు తిరిగింది. "నువ్వు పట్టుకుంటే గద ఆపా, నేను గుంజనీకి."

"జంగ్లీ చేతులు. వేరే దుకాణం చూసుకోపోండి" అంది అత్త. తల్లి వంగి ఎర్రటి ముక్కలన్నీ కొంగులోకి ఏరుకుని, బిడ్డ బోసి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఊరందరి చేతుల కొలతలూ తెలుసనుకున్న ఆ పదహారేళ్ల గాజులమ్మిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎక్కువసేపు నిలవదు ఆ నవ్వు. ఎందుకంటే మర్నాడు పొద్దున, ఆ పిల్లను పెళ్లికూతుర్ని చేసే వేళకు, మా చెల్లె చద్దన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. నేను ముద్ద కలిపి గుమ్మం వైపు చూపించాను.

"అగో, హబ్షోడు వస్తుండు" అన్నాను.

చెల్లె మింగింది.