అద్దంలో చేతులు

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో వెర్నా హాగ్లాండ్ మాట ఆమె మొగుడు విన్న సందర్భం ఒక్కటే ఉంది. అది బండి వెనక్కి తీసేటప్పుడు.

ఆ బండి అలాంటిలాంటిది కాదు. ముప్ఫై అడుగుల పొడవున, లోపల మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. పందుల కబేళాలో ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టి రిటైరైన ఆరిన్ హాగ్లాండ్‌కి అదే ప్రాణం. క్రిస్మస్ వెళ్ళగానే మినెసోటాలో ఇంటికి తాళం పెట్టి, గడ్డకట్టి పగలకుండా గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసి, మొగుడూ పెళ్ళాలు దక్షిణానికి బయల్దేరేవాళ్ళు. మూడు నెలలు టెక్సాస్ సముద్రం ఒడ్డునే, ఇలాంటి బళ్ళు ఆపుకునే ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి తిరిగి, మంచు కరిగాక ఇల్లు చేరేవాళ్ళు. ఎనిమిది చలికాలాలు అలాగే గడిచాయి.

అంత బండిలో కూర్చున్నవాడికి వెనక ఏముందో కనబడదు. అందుకని పెళ్ళాం దిగి, ఎడమ అద్దంలో కనబడేలా వెనక నిలబడాలి. అరచేతులు ఊపితే రమ్మని. రెండు అరచేతుల మధ్య ఎంత ఎడం ఉంటే వెనక అంత చోటు ఉందని. చేతులు తల మీద అడ్డంగా పెడితే ఆపమని. చేతులు అద్దంలో కనబడకపోయినా ఆపాల్సిందే. ఈ దారుల్లో తిరిగే ముసలి జంటలందరికీ ఇది కంఠతా వచ్చు. ఆరిన్ కూడా తు.చ. తప్పేవాడు కాదు. వెర్నా చేతులు అడ్డం పెట్టిందంటే ఆ క్షణమే బ్రేకు మీద కాలు పడేది.

అవే చేతులు ఆమె వంటగదిలో ఎన్నిసార్లు మొహానికి అడ్డం పెట్టుకుందో లెక్క లేదు. అప్పుడు మాత్రం ఆయనగారు ఆపిన పాపాన పోలేదు. పెళ్ళైన రెండో నెలలో కూర చల్లారిందని పన్ను ఊడగొట్టాడు. తర్వాత పక్కటెముక, ఆ తర్వాత చెవి. సొంతూళ్ళో ఉంటే పారిపోవడానికి కట్టెల కొట్టమన్నా ఉండేది, కేక వేస్తే వినే ఇల్లు ఒకటైనా ఉండేది. బండిలో నడవ రెండడుగుల వెడల్పు. ఒక చివర మంచం, ఇంకో చివర ఆరిన్. అందుకే లోకమంతా ఎండ కోసం మొహం వాచి దక్షిణానికి వస్తుంటే, వెర్నాకి మాత్రం ఆ ఎండంటేనే భయం.

ఆ ఏడు జనవరిలో ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. చెల్లెలు ఐడెల్లా శాన్ ఆంటోనియోలో ఉంది. ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుందని ఎన్నాళ్ళుగానో చెబుతోంది. పొద్దున కాఫీ దగ్గర వెర్నా, సాయంత్రం చేరబోయే రాక్‌పోర్ట్‌లో నేను దిగిపోతాను, చెల్లెలొచ్చి తీసుకెళుతుంది అంది. ఆరిన్ కప్పు కింద పెట్టి ఎడమ కన్ను మీద గుద్దాడు. ఒకటితో సరిపెట్టలేదు. రాక్‌పోర్ట్ చేరేసరికి ఆ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆమె నల్లద్దాలు పెట్టుకుంది.

క్యాంపు చేరేసరికి సాయంత్రం నాలుగు. ఆ వేళకి క్యాంపు జనమంతా మడత కుర్చీలు వేసుకుని, బీరు డబ్బాలు పట్టుకుని, కొత్తగా వచ్చే బళ్ళని చూస్తూ కూర్చుంటారు. మొగుడు తిప్పలు పడుతూ వెనక్కి తీయడం, పెళ్ళాం చేతులూపడం, ఇద్దరూ తిట్టుకోవడం వాళ్ళకి తమాషా. ఆ రోజు పదిమంది దాకా ఉన్నారు. అందరూ పెద్దమనుషులే, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే.

వాళ్ళకిచ్చిన చోటు వెనక పెద్ద ఓక్ చెట్టుంది. వెర్నా దిగి అద్దంలోకి వచ్చి నిలబడింది. ఒంటి కంటితో చూసేవాళ్ళకి దూరం సరిగ్గా అందదు. చెట్టుకీ బండికీ మధ్య ఇంకా మూడడుగులుందని ఆమె చేతులు చెబుతూనే ఉన్నాయి, ధనామని శబ్దమైంది. వెనక నిచ్చెన వంగింది, బంపరు పగిలింది. తన పిడికిలే తన బండిని చెట్టుకి కొట్టిందని ఆరిన్‌కి ఆ జన్మలో తట్టలేదు.

ఇంజను ఆపకుండానే దిగాడు. తాళంచెవి ఎప్పుడూ మెళ్ళో వేలాడేసుకునే మనిషి ఆ కోపంలో దాన్ని బండికే వదిలేశాడు. చేతిలో టైర్లు కొట్టి గాలి చూసుకునే దుడ్డుకర్ర ఉంది. వెర్నా చేతులు అడ్డం పెట్టింది. మొదటి దెబ్బకి మణికట్టు ఎముక విరిగిన చప్పుడు కుర్చీల దాకా వినబడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఒకాయన బీరు కింద పెట్టాడు. ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు. అంతకు మించి ఆ పెద్దమనుషులు చేసింది శూన్యం. ఆ పూట వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడో దెబ్బకి వెర్నా అక్కడ లేదు. బండి చుట్టూ పరుగెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి డ్రైవరు సీటెక్కి గడియ వేసుకుంది. ఆరిన్ దుడ్డుతో కిటికీ బద్దలుకొట్టాడు. గాజు ముక్కలు ఆమె జుట్టులో, ఒళ్ళో పడ్డాయి. లోపలికి చెయ్యి పెట్టి జుట్టు పట్టుకుని ఆమె తలని స్టీరింగుకేసి బాదాడు, ఒకసారి, రెండుసార్లు. నల్లద్దాలు ఊడి కింద పడ్డాయి. నోటికందిన అతని బొటనవేలిని ఆమె పళ్ళు ఎముకకి తగిలేదాకా కొరికింది. అతను ఊళపెట్టి వదిలాడు. ఆమె గేరు వేసి బండిని ముందుకి ఉరికించింది.

పది అడుగులకే ఆగాల్సి వచ్చింది. ఎదురుగా చేపలు కోసుకునే సిమెంటు అరుగు అడ్డం. ఒకసారి వెనక్కి వచ్చి తిప్పుకుంటే తప్ప దారి లేదు. ఆరిన్‌కి అది తెలుసు. రక్తం కారే వేలిని చొక్కాకి తుడుచుకుంటూ, తాపీగా నడిచి వెళ్ళి, ఓక్ చెట్టుకి వీపు ఆనించి బండి వెనక నిలబడ్డాడు.

"రావే, వెనక్కి రా చూద్దాం," అన్నాడు నవ్వుతూ. "నీకు చేతులూపేవాడెవడున్నాడే ఇక్కడ?"

ఎదుటి బండి ముందు కోరలీ అనే ఆవిడ కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళు పైన, లూసియానా మనిషి, రొయ్యల పడవల మీద వంటచేసి మోకాళ్ళు అరగదీసుకున్న విధవ. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కుంటుకుంటూ నడిచి ఎడమ అద్దంలోకి వచ్చి నిలబడింది.

"తల్లీ, ఇటు చూడు," అంది. "వాడి మాట వినకు. నా చేతులు చూడు, చాలు."

అరచేతులు ఊపింది. రమ్మని.

ఆరిన్ ఎక్కడున్నాడో వెర్నాకి తెలియక కాదు. ఆ క్షణాన వాడు చావాలనే కోరుకుంది. వెనక గేరు వేసి బ్రేకు మీంచి కాలు కొంచెం తీసింది. బండి కదిలింది. కోరలీ అరచేతులు నాలుగడుగుల ఎడం నుంచి మూడుకి వచ్చాయి, మూడు నుంచి రెండుకి. ఆరిన్ పక్కకి జరిగితే అయిపోయేది. పెళ్ళానికి జడిసి జరిగాడన్న పేరు పదిమందిలో ఎందుకనుకున్నాడో ఏమో, జరగలేదు. దుడ్డుతో బండి వీపు బాదుతూ బూతులు తిట్టాడు. అడుగు. అరడుగు. బాదుడు ఆగిపోయింది. పగిలిన బంపరు అతని తొడలని చెట్టు మానుకి నొక్కింది. అరుపు మొదలైంది. వంగిన నిచ్చెన రొమ్ముకి తగిలింది. అప్పుడు ఆరిన్ హాగ్లాండ్, పెళ్ళాం చేత వేలసార్లు పెట్టించిన సైగని తాను మొట్టమొదటిసారి పెట్టాడు. తల మీద చేతులు అడ్డంగా.

వెర్నాకి అతను కనబడడు. కనబడేది కోరలీకే. ఆవిడ తొందరపడలేదు. అద్దంలో వెర్నా నెత్తుటి మొహాన్నీ, మూసుకుపోయిన కంటినీ ఒకసారి నిదానంగా చూసింది. ఆ తర్వాత చేతులెత్తి అడ్డం పెట్టింది.

వెర్నా బ్రేకు తొక్కింది.

బండి ముందుకి తియ్యమని కుర్చీల్లోంచి అందరూ ఒక్కసారే కేకలు పెట్టారు. ఇంతసేపూ ఆ గొంతులు ఏమయ్యాయో! కోరలీ చేతులు దించలేదు, వెర్నా కాలు తీయలేదు. నిలబడలేక కోరలీ తన కుర్చీ తెమ్మంది. అందులో కూర్చుని, షెరీఫు మనిషి, అంటే అక్కడి పోలీసు, వచ్చేదాకా ఇరవై నిమిషాల పాటు చేతులు అలాగే అడ్డం పెట్టి ఉంచింది. చెట్టు దగ్గర ఆరిన్ ఏడుస్తున్నాడు.

రెండు తొడలూ విరిగినవాణ్ణి ఆస్పత్రి బండి ఎక్కించాక, షెరీఫు మనిషి వెర్నా దగ్గరికి వచ్చాడు. ఆమె మణికట్టుకి కర్ర కట్టు వేస్తున్నారు. శాన్ ఆంటోనియో నుంచి చెల్లెలు బయల్దేరిందని అప్పుడే కబురొచ్చింది. అతను ఆమె కన్ను చూశాడు, గాజు ముక్కలు చూశాడు. ఆ తర్వాత అడిగాడు.

"మేడమ్, ఇంకో అరడుగు వస్తే మనిషి పోయేవాడు. ఎందుకు ఆపారు?"

వెర్నాకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అందరికీ తెలిసినదాన్ని ఇతను ఎందుకు అడుగుతున్నాడా అన్నట్టు చూసింది.

"చేతులు అడ్డం పెట్టారు కదండీ," అంది. "పెడితే ఆపాలి."